గొడుగు ఎర్రదే

మూడు వారాలు రెడ్డెప్ప నాతో మాట్లాడలా.
అప్పు కాదు, గెట్టు తగాదా కాదు,
ఓట్ల గొడవ అసలే కాదు.
ఒక ముంగిస.

నవ్వుతారని ఫ్యాక్టరీలో ఎవరికీ చెప్పలా.
చిత్తూరు ఎండలో తోతాపురి లారీలు
గేటు దాటి దర్గా దాకా నిలబడితే
టోకెన్లు రాసేది నేను, తూకం చూసేది వాడు.
మా మధ్య చీటీలు పోతా వస్తా ఉండె,
మాటలకి మాత్రం తాళం.

ముప్పై ఆరేళ్లోడికి ముంగిసతో ఏం పనని అడుగుతారు.
సాయంత్రం నాలుగున్నరకి వచ్చేది.
చినిగిన గొడుగు చంకన పెట్టుకోని
కుంటుకుంటా ఊరూరూ తిరిగి
"వాన యాడమ్ముతారప్పా?" అని అడిగే బొమ్మ ముంగిస.
ఏ దేశపోళ్లు గీసినారో తెలీదు.
తెలుగు చెప్పినాయనకి ఎప్పుడూ జలుబే.
ఆ ముక్కు గొంతే మాకు దాని గొంతు.

దాన్నిప్పుడు సినిమా తీసినారు.
వెంట్రుకలు లెక్కబెట్టుకోవచ్చు, అంత నిజంగా ఉండాది.
కుంటికాలు బాగైపోయింది.
గొడుగు తెరిస్తే మెరుపు, మూస్తే కత్తి.
జలుబు లేదు.
గొడుగు నీలం.

నీలం!

ఇంటర్వెల్లో రెడ్డెప్ప సమోసా నములుతా
"బాగుండాది కదరా" అన్నాడు.
బొమ్మకి నిజం బొచ్చు అతికిస్తే
అది బొమ్మా కాదు, ముంగిసా కాదు అన్నా.
"నీ కూతురు చప్పట్లు కొడతా ఉంది చూడు,
ఆ పిల్ల కోసం తీసినారు, నీ మీసాల కోసం కాదు."
కుంటకుండా నడిచేదానికి ముంగిసెందుకు,
ఏ హీరో అయినా చాలదా అన్నా.
"అయితే ఇంట్లో కూచోని పాతదే చూసుకో పో."
యాడుంది చూసేదానికి?
అదే కదా నా మంట.

ఆఖరికి షాహీనా దగ్గరకి పోయింది పంచాయితీ.
గ్రీమ్స్‌పేట బడిలో మాతో చదివింది, ఇప్పుడు మందుల షాపు.
మాత్రల అట్ట కత్తిరిస్తా విని
"గొడుక్కి రంగుండేదా?
మా టీవీ నలుపూ తెలుపే కదప్పా.
నేను ఆకుపచ్చ అనుకున్నా ఇన్నేళ్లూ" అనింది.

సరే, రంగు పోనీ.
చివర మార్చేదానికి వాళ్లెవరు?
ముంగిసకి వాన దొరకదు.
అలిసిపోయి గొడుగుని తిరగేసి నేల మీద పెట్టి
అందులోనే ముడుచుకోని పడుకుంటాది.
తెల్లారి చూస్తే గొడుగు నిండా నీళ్లు,
నీళ్ల మీద తేలతా అది, ఇంకా నిద్రలోనే.
సినిమాలో ఏముంది? మబ్బుల వ్యాపారిని పొడిచేసినారు.
ఆ చివర నా కూతురికి
ఎన్ని రాత్రులు చెప్పింటానో.

"అది నేను చెప్పిందే" అన్నాడు రెడ్డెప్ప, నేల చూస్తా.
అవును, మాకందరికీ కరెంటు పోయింది ఆ రోజు.
మీది ఆసుపత్రి లైను, నువ్వు చూసినావు,
మర్నాడు కొళాయి కాడ చెప్పినావు.
"లైను నిజమే రా.
ఇంట్లో టీవీ యాడుండె?"

షాపులో ఫ్రిజ్జు గురగురమంటా ఉంది.
"మీరంతా ఏడుపు మొహాలేసుకోని నన్నే చూస్తా ఉంటే
ఏదో ఒకటి చెప్పాల్సొచ్చె."

ఎవరో వచ్చి జలుబు మాత్ర అడిగినారు.
షాహీనా చిల్లర వెతకతా ఉండిపోయింది, చాలాసేపు.

మరి నీ కథని వాళ్లు పాడు చేస్తే నీకు మండలేదా అన్నా.
"వాళ్లకెట్లా తెలుస్తాది రా" అన్నాడు,
అంత మెల్లగా వాడు మాట్లాడంగా నేనెప్పుడూ వినలా.

మర్నాడు పొద్దున తూకం చీటీ వచ్చింది.
నికరం తొమ్మిది టన్నులు, కుళ్లు రెండు బుట్టలు.
కింద పెన్సిల్తో:
గొడుగు ఎర్రదే. సినిమా బాగుండాది.

టీవీ లేనోడి సాక్ష్యం.
మొదటి మాటకి టిక్కు పెట్టి,
రెండోదాన్ని కొట్టేసి,
చీటీ మాత్రం ఆఫీసుకి పంపలా.